నెలసరితో చర్మానికి ఉన్న లంకె

రజస్వల అయిన నాటి నుంచి ముట్లుడిగే దాకా స్త్రీ చర్మం నెలంతా ఒకే తీరున ఉండదు. జిడ్డు, తేమ, మందం, రంగు, దురద అన్నీ అండాశయాల నుంచి వచ్చే హార్మోన్లను బట్టి కొంత పెరుగుతూ కొంత తగ్గుతూ ఉంటాయి. వీటిలో చాలా మార్పులు పరికరం పెట్టి కొలిస్తే తప్ప తెలియవు. అద్దంలో కనిపించేది ముఖ్యంగా ఒక్కటే: డేట్ దగ్గర పడుతుండగా గడ్డం మీద, దవడ అంచున లేచే మొటిమలు.

తెలుగు ఇళ్లలో ఇది కొత్త సంగతేమీ కాదు. మొహం మీద ఒకటి లేచిందంటే ఇంకో నాలుగు రోజుల్లో పీరియడ్స్ వస్తాయని క్యాలెండర్ చూడకుండా చెప్పేవాళ్లు చాలా ఇళ్లలో ఉంటారు. పెద్దవాళ్లు దానికి ‘వేడి చేసింది’ అని కారణం చెప్పి మజ్జిగ తాగమంటారు, సబ్జా గింజలు నానబెట్టి ఇస్తారు. ఆ వేడి మాటలో ఒక చిన్న నిజం లేకపోలేదు. అండం విడుదలయ్యాక ఒంటి ఉష్ణోగ్రత 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ వరకు పెరిగి, నెలసరి వచ్చేదాకా అక్కడే ఉంటుంది. పెంచేది ప్రొజెస్టిరాన్ అనే హార్మోను. అయితే మొటిమను లేపేది మాత్రం ఆ వేడి కాదు.

నెల లోపలి హార్మోన్లు

పుస్తకాల్లో నెలసరి చక్రం 28 రోజులు. మనుషుల్లో 21 నుంచి 35 రోజుల దాకా ఎంత ఉన్నా మామూలే. రక్తస్రావం మొదలైన రోజును ఒకటో రోజుగా లెక్కిస్తారు. అప్పటికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ రెండూ అడుగంటి ఉంటాయి. తర్వాత అండాశయంలో ఒక ఫాలికిల్ (అండాన్ని మోసే తిత్తి) పెరుగుతూ ఈస్ట్రోజెన్‌ను వదులుతుంది. మొదట్లో మిల్లీలీటరుకు 50 పికోగ్రాముల చుట్టుపక్కల ఉండే ఈస్ట్రడయోల్ అనే ఈస్ట్రోజెన్, అండం విడుదలకు ముందు 200 దాటుతుంది. అండం బయటపడ్డాక ఖాళీ అయిన ఫాలికిల్ ప్రొజెస్టిరాన్ తయారీకి దిగుతుంది. గర్భం నిలవకపోతే రెండు వారాల్లో ఆ పనీ ఆగిపోతుంది. రెండు హార్మోన్లూ పడిపోతాయి, నెలసరి వస్తుంది.

చక్రం పొడుగు మనిషికీ మనిషికీ మారడానికి కారణం ఎక్కువగా మొదటి సగమే. రెండో సగం చాలామందిలో 14 రోజులకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ‘21వ రోజున మీ చర్మం ఇలా ఉంటుంది’ అని చెప్పే పట్టికలు చాలామందికి అతకకపోవడం అందువల్లే. 34 రోజుల చక్రం ఉన్నావిడకు 21వ రోజంటే ఇంకా అండం విడుదలైన మర్నాడే.

ఈ రెండింటితో పాటు ఆడవారి రక్తంలో టెస్టోస్టిరాన్ కూడా ఉంటుంది. మగవారితో పోలిస్తే అది చాలా తక్కువ. చర్మం విషయంలో మాత్రం దాని పాత్ర తక్కువేమీ కాదు.

ఇదంతా తెలిసి సుమారు నూరేళ్లు అవుతోంది. 1923లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఎడ్గార్ ఆలెన్, ఎడ్వర్డ్ డోయిజీ పందుల అండాశయాల్లోని ద్రవంలో ఒక చురుకైన పదార్థం ఉందని చూపించారు. 1929లో డోయిజీ అమెరికాలోనూ, అడాల్ఫ్ బూటెనాంట్ జర్మనీలోనూ విడివిడిగా ఈస్ట్రోన్ అనే ఈస్ట్రోజెన్‌ను శుద్ధరూపంలో బయటికి తీశారు. 1934 నాటికి ప్రొజెస్టిరాన్ కూడా చేతికొచ్చింది.

పరికరాలు పట్టుకున్న మార్పులు

గర్భాశయానికీ రొమ్ములకూ ఉన్నట్టే చర్మానికి కూడా ఈ హార్మోన్లను గుర్తుపట్టే గ్రాహకాలున్నాయి. పై పొర కణాల్లో, కింద కొల్లాజెన్ అల్లే కణాల్లో, నూనె గ్రంథుల్లో, వెంట్రుక కుదుళ్లలో అవి కనిపిస్తాయి. ఈస్ట్రోజెన్ కొల్లాజెన్ తయారీని పెంచుతుంది. నీటిని పట్టి ఉంచే హయలురానిక్ ఆమ్లాన్ని పెంచుతుంది. గాయం మానడానికి తోడ్పడుతుంది. కాబట్టి అండం విడుదలకు ముందు రోజుల్లో చర్మం కాస్త నిండుగా ఉంటుందని ఊహించవచ్చు. ఊహను కొలిచి చూసినవారూ ఉన్నారు. 1998లో జర్మనీ పరిశోధకులు అల్ట్రాసౌండ్‌తో చర్మం మందాన్ని కొలిచి, నెలసరి మొదటి రోజుల్లో కన్నా 12 నుంచి 14వ రోజుల మధ్య అది పెరిగిందని ప్రకటించారు.

నెల చివరి రోజుల్లో ఇందుకు ఎదురు కథ. చర్మం నుంచి కంటికి కనపడకుండా ఆవిరైపోయే నీటిని కొలిచే పరికరం ఒకటుంది. 1992లో హార్వెల్, మైబాక్ తదితరులు దాంతో చూస్తే, నెలసరి రావడానికి సరిగ్గా ముందు రోజున నీరు పోవడం ఎక్కువగా ఉంది. అంటే చర్మపు కాపలా పొర ఆ సమయంలో కొంత వదులవుతోందన్నమాట. అంతకు ఒక ఏడాది ముందే, 1991లో, డెన్మార్క్‌లో ఆగ్నర్ బృందం ఇంకో దారిలో ఇదే చోటికి చేరింది. వాళ్లు సోడియం లారిల్ సల్ఫేట్ అనే నురగ పదార్థాన్ని అదే స్త్రీలకు రెండు వేళల్లో రాసి చూశారు. 9 నుంచి 11వ రోజుల మధ్య రాసినప్పటికన్నా ఒకటో రోజున రాసినప్పుడు చర్మం ఎక్కువగా ఎర్రబడింది. షాంపూల్లో, చవక ఫేస్‌వాష్‌లలో నురగ కోసం వాడే పదార్థాల్లో ఇదొకటి. కొత్త సబ్బో, కొత్త క్రీమో పడుతుందో లేదో చూడదలిస్తే పీరియడ్స్ మొదటి రోజు కన్నా ఆ తర్వాతి వారం మేలనడానికి ఇంత చిన్న ఆధారం ఉంది.

అయితే ప్రతి చికాకునూ నెల చివరి ఖాతాలో రాయడానికి లేదు. 1995లో గ్రీకు పరిశోధకులు అలర్జీ కోసం చేసే సూది పరీక్షను నెల పొడుగునా చేసి చూస్తే, దద్దుర్లు అన్నిటికన్నా పెద్దగా లేచింది 12 నుంచి 16వ రోజుల మధ్యలో. చర్మం రెచ్చిపోవడం ఒక రకం, అలర్జీ రావడం మరొక రకం. రెండింటికీ నెలలో వేర్వేరు కాలాలు. అలర్జీ పరీక్ష చేయించుకునే స్త్రీలను డేట్ ఎప్పుడని అడిగే డాక్టర్లు మాత్రం మనకు పెద్దగా తగలరు.

ముందువారపు మొటిమలు

ఈ విషయంలో అన్నిటికన్నా బలమైన ఆధారం ఉన్నది మొటిమలకే. 2001లో స్టోల్ బృందం అమెరికాలో 12 నుంచి 52 ఏళ్ల మధ్య వయసున్న 400 మంది స్త్రీలను అడిగి చూసింది. వారిలో నూటికి 44 మంది నెలసరికి ముందు మొటిమలు ఎక్కువవుతాయని చెప్పారు. ఇందులో ఆలోచింపజేసే అంశం వయసు. 20 నుంచి 33 ఏళ్ల లోపువారిలో నూటికి 39 మంది ఆ మాటంటే, 33 దాటినవారిలో 53 మంది అన్నారు. మొటిమలంటే కాలేజీ వయసుతో పోయేవని, పెళ్లయితే తగ్గిపోతాయని మనవాళ్లు చెప్పే ధీమా ఈ లెక్క ముందు నిలబడదు.

చెప్పేవారి జ్ఞాపకం మీద ఆధారపడకుండా లెక్కపెట్టి చూసిన అధ్యయనం 2004లో వచ్చింది. ఆన్ లక్కీ మొటిమలున్న స్త్రీలను రెండు చక్రాల పాటు గమనించి, మొహం మీది మొటిమలను ఒక్కొక్కటిగా లెక్కించింది. నూటికి 63 మందిలో నెలసరికి ముందు వాచిన మొటిమలు దాదాపు పావు వంతు పెరిగాయి. పావు వంతు అంటే, ఎనిమిది ఉన్నచోట పది. అద్దం ముందు నిలబడ్డ మనిషికి అది రెట్టింపుగా తోచవచ్చు.

ఎందుకు పెరుగుతాయనే ప్రశ్నకు తేలిగ్గా వచ్చే జవాబు హార్మోన్లు ఎక్కువై అని. అసలు సంగతి అంతకన్నా చిక్కుగా ఉంది. మొటిమ పుట్టుకకు మూలం నూనె గ్రంథి. నూనె గ్రంథిని నడిపేది పురుష హార్మోను. 1941లో జేమ్స్ హామిల్టన్ అనే శాస్త్రవేత్త, యుక్తవయసుకు ముందే వృషణాలు పోయిన మగవారికి మొటిమలు రావని, టెస్టోస్టిరాన్ ఇస్తే కొందరికి వస్తాయని చూపించాడు. రక్తంలోంచి వచ్చిన టెస్టోస్టిరాన్‌ను నూనె గ్రంథి 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైముతో ఇంకా ఘాటైన రూపంలోకి మార్చుకుంటుంది. ఆ మార్పిడి ఎంత జోరుగా జరుగుతుందన్నది మనిషిని బట్టి ఉంటుంది. ముప్పై దాటినా మొటిమలు తగ్గని స్త్రీలు చాలామందిలో రక్తపరీక్ష రిపోర్టు నార్మల్ అనే వస్తుంది. లోపం రక్తంలో లేదు. ఉన్న కాస్త హార్మోనుకే చర్మం అతిగా స్పందిస్తోంది. వేలు ఖర్చుపెట్టి హార్మోన్ల పరీక్షలన్నీ చేయించుకుని ‘ఏమీ లేదట’ అంటూ నిరాశగా తిరిగొచ్చేవారికి ఈ ముక్క ఎవరైనా చెప్తే బాగుంటుంది.

నెల చివర్లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ రెండూ పడిపోతాయి గానీ టెస్టోస్టిరాన్ ఆ లెక్కన పడిపోదు. దాంతో చర్మం మీద దాని పెత్తనం పెరుగుతుందనేది ఒక వివరణ. ఇంకొకటి 1973లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ నుంచి వచ్చింది. విలియమ్స్, కన్‌లిఫ్ అనే ఇద్దరు డాక్టర్లు నూనె బయటికి వచ్చే రంధ్రాల వెడల్పును నెల పొడుగునా కొలిచారు. 15 నుంచి 20వ రోజుల మధ్య అవి అన్నిటికన్నా సన్నగా ఉన్నాయి. నూనె ఊరడం ఆగదు, దారి ఇరుకవుతుంది. లోపల చిక్కుకున్న నూనెలో క్యూటీబ్యాక్టీరియం ఆక్నిస్ అనే సూక్ష్మజీవి పెరిగి, చుట్టూ వాపు వచ్చి, మొటిమ పైకి తేలేసరికి వారం పది రోజులు పడుతుంది. లెక్క సరిగ్గా నెలసరి ముందు రోజులకు వచ్చి ఆగుతుంది. యాభై ఏళ్లు దాటిన ఈ చిన్న అధ్యయనాన్ని ఇప్పటికీ ఉదాహరిస్తూనే ఉన్నారు.

మొటిమ మూలం కంటికి కనిపించడానికి వారాల ముందే చర్మం లోపల మొదలై ఉంటుంది. కాబట్టి డేట్‌కు రెండు రోజుల ముందు ట్యూబు కొని, లేచిన మొటిమ మీద చుక్కలు పెట్టుకుంటే రాబోయేవి ఆగవు. అడాపలీన్ వంటి రెటినాయిడ్ అయినా, బెంజాయిల్ పెరాక్సైడ్ అయినా మొటిమలు వచ్చే భాగమంతటికీ నెల పొడుగునా రాయాలి. తేడా తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు ఓపిక పట్టాలి. ఓపిక పట్టలేక నెల తిరక్కుండానే మందు మార్చేయడం చర్మ డాక్టర్ల దగ్గర రోజూ కనిపించే దృశ్యం.

అండం విడుదలైన రోజు మెరుపు

సౌందర్య సాధనాల మార్కెట్ ఈ మధ్య నెలను నాలుగు వారాలుగా కోసి, వారానికో సీరం అమ్మడం నేర్చింది. అండం విడుదలయ్యే రోజుల్లో మొహం వెలిగిపోతుందని, ఆ వెలుగును పట్టి ఉంచే క్రీము ఇదని ప్రకటనలు చెబుతాయి. 2015లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ బరిస్ తదితరులు ఈ వెలుగునే పరీక్షకు పెట్టారు. 22 మంది యువతుల మొహాలను పనిదినాల్లో రోజూ, ఒకే వెలుతురులో, మేకప్ లేకుండా ఫొటోలు తీశారు. అండం విడుదలయ్యే రోజుల్లో చెక్కిళ్ల ఎరుపు పెరిగిన మాట నిజమే. కానీ ఆ తేడా మనిషి కన్ను పోల్చుకోగల స్థాయికి చాలా దిగువన ఉంది. కెమెరా పట్టుకున్నదాన్ని పక్కన కూర్చున్న మనిషి పట్టుకోలేడు. పైగా అధ్యయనంలో ఉన్నవారు తెల్లజాతి స్త్రీలు. చామనఛాయలో ఆ పాటి ఎరుపు కూడా తేలికగా బయటపడదు.

మొటిమ పోయినా మచ్చ పోదు

మన దేశం వాళ్ల చర్మానికి నెలసరి మొటిమ కన్నా పెద్ద తలనొప్పి అది వదిలి వెళ్లే నల్ల మచ్చ. చామనఛాయ, నల్లని చర్మాల్లో రంగునిచ్చే కణాలు చిన్న వాపు తగిలినా అదనపు మెలనిన్‌ను గుమ్మరిస్తాయి. మొటిమ వారంలో ఆరిపోతుంది, మచ్చ నెలల తరబడి ఉంటుంది. ఈలోగా ఇంకో నెలసరి వస్తుంది, ఇంకో రెండు మచ్చలు చేరతాయి. గిల్లే అలవాటు ఉంటే చెప్పనక్కర్లేదు. స్త్రీలు డాక్టర్ దగ్గరికి వెళ్లి మొటిమలు తగ్గించమని కన్నా మచ్చలు పోగొట్టమని అడగడమే ఎక్కువ. మచ్చలు పోవాలంటే ముందు మొటిమలు ఆగాలన్న వరుస చాలామందికి రుచించదు.

మంగు మచ్చలది వేరే దారి. బుగ్గల మీద, పై పెదవి మీద, నుదుట గోధుమరంగు పొరలా వచ్చే ఈ మచ్చలకు ఎండతో పాటు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్‌ల ప్రేరణ ఉంది. అందుకే గర్భంతో ఉన్నప్పుడు, గర్భనిరోధక మాత్రలు వాడేటప్పుడు అవి ఎక్కువవుతాయి. నెలసరికి ముందు కళ్ల చుట్టూ నలుపు పెరిగినట్టు కొందరు గమనిస్తారు. 1960లలోనే దీని మీద పరిశీలనలు జరిగాయి. మంగు ఉన్నవారికి మామూలు సన్‌స్క్రీన్ ఒక్కటే చాలదు. కంటికి కనిపించే వెలుతురు కూడా మెలనిన్‌ను పెంచుతుంది కాబట్టి ఐరన్ ఆక్సైడ్ కలిపిన, రంగున్న సన్‌స్క్రీన్‌ను డాక్టర్లు సూచిస్తున్నారు.

ఈ మచ్చల చుట్టూనే మన దేశంలో ఒక పెద్ద అనర్థం అల్లుకుంది. 1975లో అమెరికాలో ఆల్బర్ట్ క్లిగ్మన్, విల్లిస్ మంగు కోసం హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, డెక్సామెథసోన్ అనే మూడు మందులు కలిపిన లేపనాన్ని ప్రతిపాదించారు. చివరిది స్టెరాయిడ్. దాని చోట మొమెటసోన్ పెట్టిన ట్యూబులు మన మందుల షాపుల్లో చీటీ అవసరం లేకుండా, తెల్లబడే క్రీముల పేరుతో దొరికాయి. రాసిన వారంలో మొహం తేటపడుతుంది. వదినకు పనిచేసిందని మరదలు, మరదలికి పనిచేసిందని పక్కింటావిడ కొంటారు. నెలలు గడిచాక చర్మం పలచబడి, సన్నని ఎర్రటి రక్తనాళాలు బయటపడి, నూగు పెరిగి, మొహమంతా చిన్న చిన్న మొటిమలు లేస్తాయి. మానేస్తే మంట, ఎరుపు రెండింతలై మళ్లీ ట్యూబు దగ్గరికే తీసుకెళ్తాయి. 2011లో అచ్చయిన ఒక బహుకేంద్ర అధ్యయనంలో దేశంలోని వివిధ ఆసుపత్రులకు మొహం మీది చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని చూస్తే, 433 మంది స్టెరాయిడ్ క్రీములను తప్పుగా వాడుతున్నవారు. 2018లో కేంద్ర ప్రభుత్వం చర్మానికి రాసే స్టెరాయిడ్లను డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడని జాబితాలోకి తెచ్చింది. చీటీ అడిగే షాపులు ఇప్పటికీ ఎన్ని ఉన్నాయన్నది ఏ వీధిలోనైనా తెలుస్తుంది.

నెలకోసారి తిరగబెట్టే జబ్బులు

ఉన్న చర్మ వ్యాధి నెలసరికి ముందు పెరగడం కూడా సాధారణమే. ఎగ్జిమా ఉన్న స్త్రీలను 1991లో ఎడిన్‌బరోలో అడిగితే మూడోవంతు మంది ఆ మాటే చెప్పారు. సోరియాసిస్, రొజేసియా, పెదవుల మీద వచ్చే హెర్పిస్ పొక్కులు కూడా కొందరిలో అదే రోజులను ఎంచుకుంటాయి. చంకల్లో, గజ్జల్లో పదే పదే గడ్డలు లేచి చీము కారే హైడ్రడినైటిస్ సప్పురటైవా విషయం విడిగా చెప్పుకోవాలి. సెగ్గడ్డలని, వేడి అని, శుభ్రత లేకని అనుకుంటూ ఏళ్ల తరబడి సిగ్గుతో దాచుకునే జబ్బు ఇది. గడ్డలు నెలసరికి ముందే రావడం గమనించి చెప్తే డాక్టరుకు రోగ నిర్ధారణ సులువవుతుంది.

అరుదైనదీ ఒకటుంది. కొందరికి తమ సొంత ప్రొజెస్టిరానే పడదు. నెలసరికి మూడు నుంచి పది రోజుల ముందు దద్దుర్లో, పొక్కులో, ఎగ్జిమాయో మొదలై, రక్తస్రావం మొదలైన ఒకటి రెండు రోజుల్లో మాయమవుతుంది. వచ్చే నెల మళ్లీ అదే. 1964లో వాల్టర్ షెల్లీ బృందం దీనికి ఆటోఇమ్యూన్ ప్రొజెస్టిరాన్ డెర్మటైటిస్ అని పేరు పెట్టింది. తేదీలు రాసిపెట్టుకున్న రోగి లేకపోతే దీన్ని పట్టుకోవడం దాదాపు అసాధ్యం.

ప్యాడ్ల వల్ల వచ్చే ఒరుపు, దురద హార్మోన్ల పని కాకపోయినా ఇక్కడే చెప్పుకోవాలి. గంటల తరబడి తడి, రాపిడి, కొన్నిటిలో సువాసన, కింది జిగురు, వీటికి తోడు కోస్తా ఉక్కపోత. చర్మం త్వరగా రెచ్చిపోయే ఒకటో రోజునే ఇవన్నీ మీద పడతాయి. సువాసన లేని ప్యాడ్, తరచూ మార్చుకోవడం, మంచి సబ్బు పేరుతో అతిగా కడగకపోవడం చాలావరకు సరిపోతాయి. ఎర్రటి అంచుతో, చుట్టూ చిన్న పొక్కులతో మచ్చలు వస్తే అది ఫంగస్ కావచ్చు. దానికి స్టెరాయిడ్ కలిపిన ట్యూబు రాస్తే తామర ఇంకా పాకుతుంది.

చక్రం తప్పినప్పుడు

నెలసరి క్రమం తప్పితే దాని గుర్తులు మొదట చర్మం మీద కనిపించడం మామూలే. 1935లో షికాగోలో స్టెయిన్, లెవెంథాల్ అనే డాక్టర్లు ఏడుగురు స్త్రీలలో వర్ణించిన స్థితిని ఇప్పుడు పీసీఓఎస్ అంటున్నారు. మన ఊళ్లలో పీసీఓడీ అనే మాటే ఎక్కువ. 35 రోజులు దాటినా రాని పీరియడ్స్, మందులకు లొంగని మొటిమలు, గడ్డం మీద, పొట్ట మీద ముతక వెంట్రుకలు, నడినెత్తిన పలచబడే జుట్టు, మెడ వెనక మందంగా నల్లటి పట్టు. ఈ చివరిదాన్ని మురికి అనుకుని పీచుతో తోమే తల్లులు ఉన్నారు. అది మురికి కాదు, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. తోమితే పోదు. బరువు తగ్గితే తగ్గుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక రెసిడెన్షియల్ కళాశాలలో 15 నుంచి 18 ఏళ్ల అమ్మాయిలు 460 మందిని పరీక్షించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, 2003 నాటి రాటర్‌డామ్ ప్రమాణాల ప్రకారం నూటికి తొమ్మిది మందికి పీసీఓఎస్ ఉన్నట్టు తేలింది. అయితే రజస్వల అయిన మొదటి రెండు మూడేళ్లలో నెలసరి తప్పడం, మొటిమలు రావడం రెండూ సహజమే. ఒక్క స్కాన్ రిపోర్టు చూసి పదిహేనేళ్ల పిల్లకు ఆ ముద్ర వేయడం తొందరపాటు.

మాత్రలు: తగ్గించేవి, పెంచేవి

నెలసరితో ముడిపడ్డ మొటిమలకు హార్మోన్ దారిలోనే చికిత్స ఉంది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిసిన గర్భనిరోధక మాత్ర ఒకదాన్ని 1997లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మొటిమలకు కూడా ఆమోదించింది. ఫలితం కనపడడానికి మూడు నెలలు పడుతుంది. పొగతాగేవారికి, రక్తం గడ్డకట్టే ధోరణి ఉన్నవారికి, కొన్ని రకాల మైగ్రేన్ ఉన్నవారికి పనికిరాదు. స్పైరనోలాక్టోన్ మొదట బీపీకి, ఒంటి నీరు తగ్గించడానికి వచ్చిన మందు. నూనె గ్రంథి దగ్గర పురుష హార్మోనుకు అడ్డుపడుతుంది. బ్రిటన్‌లో 410 మంది స్త్రీల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. 24 వారాల తర్వాత, మందు వాడినవారిలో నూటికి 82 మంది, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 63 మంది తగ్గిందని చెప్పారు. గర్భం వచ్చే అవకాశం ఉన్నప్పుడు ఇది వాడకూడదు. ఐసోట్రెటినాయిన్ విషయంలో ఆ జాగ్రత్త ఇంకా కఠినం. బిడ్డకు తీవ్రమైన లోపాలు వస్తాయి కాబట్టి వాడినన్నాళ్లూ, ఆపాక మరో నెలా గర్భం రాకుండా చూసుకోవాలి.

  

తగ్గించే మాత్రల సంగతి ఇలా ఉండగా పెంచే మాత్ర ఒకటి మన ఇళ్లలో సర్వసాధారణం. వరలక్ష్మీ వ్రతం, తిరుమల ప్రయాణం, ఇంట్లో పెళ్లి, గృహప్రవేశం. వీటిలో ఏది డేట్ మీద పడ్డా షాపుకెళ్లి నెలసరి వాయిదా వేసే మాత్రలు తెచ్చుకుంటారు. అందులో ఉండేది ఎక్కువగా నోరెథిస్టిరాన్. 1951లో మెక్సికో సిటీలో తయారైన ఈ మందు టెస్టోస్టిరాన్‌కు దగ్గరి బంధువు. కొద్దిపాటి పురుష హార్మోను స్వభావం దానిలో ఉంది, మొటిమలు దాని దుష్ఫలితాల జాబితాలో ఉన్నాయి. డేట్‌కు మూడు రోజుల ముందు మొదలుపెడతారు, ఆపిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది. ఏడాదికి ఒకసారైతే చర్మానికి పెద్ద నష్టం లేదు. శ్రావణంలో ఒకసారి, కార్తీకంలో ఒకసారి, మధ్యలో రెండు పెళ్లిళ్లకు అంటే మాత్రం తేడా వస్తుంది. మొటిమలకు కారణం వెతుకుతూ నూనె మానేసి, వేరుశనగలు మానేసి, పరుపు దిండు మార్చే స్త్రీ ఈ మాత్ర సంగతి డాక్టరుకు చెప్పడం మర్చిపోతుంది. అది మందు అనే ఆమెకు తోచదు.

నెలసరి ఆగాక

ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ ఇక పెరగదు. 1980లలో లండన్‌లో బ్రింకాట్ బృందం చేసిన కొలతల ప్రకారం, తర్వాతి ఐదేళ్లలోనే చర్మంలోని కొల్లాజెన్‌లో దాదాపు 30 శాతం పోతుంది. ఆపైన ఏడాదికి సుమారు 2 శాతం చొప్పున తగ్గుతూ పోతుంది. చర్మం పలచబడుతుంది, పొడిబారి దురద పెడుతుంది, గాయాలు నెమ్మదిగా మానతాయి. హార్మోన్ చికిత్స తీసుకున్నవారిలో ఈ నష్టం తక్కువ. కానీ కేవలం చర్మం కోసం ఆ చికిత్స ఇవ్వరు, దాని లాభనష్టాల లెక్క వేరు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ దశ కొందరికి వయసుతో రావడం లేదు, ఆపరేషన్‌తో వస్తోంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం ఉన్నారు. గర్భసంచి మాత్రమే తీస్తే అండాశయాలు పనిచేస్తూనే ఉంటాయి, రక్తస్రావం లేకపోయినా హార్మోన్ల చక్రం సాగుతుంది. నెలనెలా మొటిమ లేస్తూనే ఉండవచ్చు. అండాశయాలు కూడా తీసేస్తే మాత్రం ఈస్ట్రోజెన్ కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. ఆపరేషన్ కాగితాల్లో ఏమేం తీశారో రాసి ఉంటుంది. ఒళ్లంతా పొడిబారి దురదతో చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లే నలభై ఏళ్లావిడ ఆ కాగితం కూడా వెంట తీసుకెళ్తే డాక్టరుకు సగం ప్రశ్నలు తగ్గుతాయి.